పద్దెనిమిదో పూత

సైబర్‌జయ,
జనవరి 12

అత్తకి యోగేశ్వరి నమస్కారాలు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. లేకపోతే చివరి పేజీదాకా దాచానని తిడతావు. నాకు పెళ్లి కుదిరింది, ముప్పై ఎనిమిదేళ్లకి! జూన్ ఎనిమిది, ఆదివారం. అతని పేరు శ్రీకుమార్. మా ఆఫీసు ఎదురు భవనంలో పనిచేస్తాడు. వాళ్ల నాన్నగారు మనలాగే మలయాలో పుట్టిన తెలుగువాళ్లే, ఇప్పుడు లేరు. అమ్మ గుణవతిగారు తమిళులు. ఇంట్లో మాట్లాడేది తమిళమే. మన మాట అతనికి అర్థమవుతుంది కానీ తిరిగి మాట్లాడమంటే నవ్వి ఊరుకుంటాడు. మంచివాడు. నేను చెప్పేది మధ్యలో ఆపకుండా వింటాడు. మన ఇంట్లో అలాంటి మగవాళ్లు ఎంతమంది ఉండేవాళ్లో నీకు తెలుసు.

ఇక రెండో సంగతి. నాన్న పోయాక మూతపడి ఉన్న బటాంగ్ బెర్జుంటై ఇల్లు పోయిన వారం ఖాళీ చేశాను. వంటింట్లో గ్యాస్ సిలిండర్ కింద ఒక పీట, బియ్యం డబ్బా కింద ఒక పీట ఉన్నాయి. రెండూ జోడు. ఇక్కడి అడవుల్లో పెరిగే గట్టి చెంగాల్ చెక్క, ఎత్తబోతే నడుం పట్టేసింది. పైన ఆకుపచ్చ ఎనామిల్ రంగు. పక్కింటి రాసమ్మ పెద్దమ్మ చూసి, "అవి మీ తాత పోలయ్య సేసిన పెల్లి పీటలే గుంటా" అంది. ఆవిడకి ఆడపిల్లలంతా గుంటలే. రబ్బరు ఎస్టేటులో వడ్రంగి అయిన తాత చేతి పని! పదకొండో అంతస్తులో ఉన్న నా ఇంటికి మోసుకొచ్చేశాను.

రంగు తీసే మందు రాస్తే ఆకుపచ్చ పొరలు పొరలుగా లేచిపోయింది. దాని కింద మెరుపు లేని ఎర్రరంగు ఒకటి ఉంది. దానికి మందూ పనిచేయలేదు, ఉప్పు కాగితమూ పెద్దగా పనిచేయలేదు. అది ఏం రంగు అత్తా? తాత ఎలా చేసేవాడు? మళ్లీ అదే రంగు వేసి, ఆ పీటల మీదే కూర్చుని పెళ్లి చేసుకోవాలని ఉంది.

మూడోది అసలైనది. పెళ్లికూతుర్ని పీట దగ్గరికి తీసుకురావడానికి నాకు మేనమామ లేడు. పోయిన అమ్మ వాళ్లింట్లో ఒక్కతే కూతురు కదా. మేనత్తవి నువ్వు ఉన్నావు. నన్ను నువ్వే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టాలి. ఇంకెవరూ వద్దు.

చెవులు పోయాక నీకు ఫోన్ పనికిరాదు, తెర మీద రాసుకునే ఫోన్ కొనిస్తానంటే వద్దన్నావు. చిన్నప్పుడు సెలవుల్లో నువ్వు దిద్దబెట్టిన అక్షరాలు ఇలా అక్కరకొచ్చాయి. వెంటనే జవాబు రాయి.

నీ యోగేశ్వరి

---

తెలుక్ ఇంటాన్,
జనవరి 27

చిరంజీవి యోగేశ్వరికి అత్త ఆశీస్సులు.

చాలా సంతోషంగా ఉంది. నీ ఉత్తరం చదివి పక్కింటి వళ్ళియమ్మైని పిలిచి మరీ చెప్పాను. ఆవిడ ఏమన్నదో నాకు వినపడలేదు కానీ రెండు చేతులూ పట్టుకుంది. మాట మధ్యలో ఆపకుండా వినేవాడు దొరికాడంటే అదృష్టమే. నలభై ఏళ్లు ఆస్పత్రి వార్డులో పనిచేశాను. అలాంటివాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నీకు ఒక పట్టుచీర పంపుతున్నాను. పెళ్లికి మాత్రం రాలేను. మోకాళ్లు బాగోలేవు, బస్సు మెట్లు ఎత్తు. వినపడని ముసలిదాన్ని పందిట్లో కూర్చోబెడితే నీకూ ఇబ్బందే. నిన్ను తీసుకొచ్చి కూర్చోబెట్టడానికి శ్రీకుమార్ వైపు పెద్దవాళ్లు ఎవరినైనా అడుగు.

ఆ పీటల మాట ఇక ఎత్తకు. పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యి. వాటి మీద పెళ్లిళ్లు చాలా జరిగాయి, కానీ చివరి పెళ్లి పూర్తి కాలేదు. అది నాదే. మగపెళ్లివాళ్లు మధ్యలో లేచి వెళ్లిపోయారు. తర్వాత ఎస్టేట్లో ఎవ్వరూ ఆ పీటలు అడగలేదు. ఇప్పుడు హాళ్లలో బంగారు రంగు కుర్చీలు వేస్తున్నారు, మెత్తగా ఉంటాయి. వాటిలో హాయిగా కూర్చో.

రంగు ఎలా చేసేవారో నాకు గుర్తులేదు.

నీ అత్త
దేవుడమ్మ

---

సైబర్‌జయ,
ఫిబ్రవరి 16

అత్తకి,

చీర అందింది. కుంకుమ రంగు, చిన్న అంచు. నాకు ఏం నప్పుతుందో నీకు చూడకుండానే తెలుసు. చీర పంపి తప్పించుకుందామనుకుంటున్నావేమో, అది కుదరదు. మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను. బస్సు వద్దనుకుంటే శ్రీకుమార్ కారు తెస్తాడు.

పీటలు ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వను కూడా. నీకు గుర్తులేదన్నావు కాబట్టి వేరేచోట కనుక్కున్నాను. ఇక్కడ పాత సామాను బాగుచేయడం నేర్పే షణ్ముగంగారని ఒకాయన ఉన్నారు, శనివారం తరగతులు. పీట తీసుకెళ్లి చూపించాను. గోటితో గీకి, తడిచేసి వాసన చూసి, "ఇది పాల రంగు. పాలు, సున్నం కలిపి చేసేది. ఎక్కడపడితే అక్కడ దొరకదు" అన్నారు. విదేశాల నుంచి పొడి రూపంలో తెప్పించుకోవచ్చట. నాకు మనసొప్పలేదు. తాత ఎస్టేట్లో కూర్చుని చేసింది నేను పొట్లంలో కొనుక్కోవడమేమిటి?

అందుకని నేనే చేశాను. కొంచెం కథ ఉంది, విను.

గుణవతిగారికి పీటల సంగతి మొదటినుంచీ నచ్చలేదు. "హాల్లో సింహాసనాలు ఉంటే నేల మీద ఎందుకు లా, యోగేశ్వరీ" అని, మాట మాటకీ ఆ 'లా' తగిలించి ఒకటే గొడవ. చివరికి ఒక మెట్టు దిగారు. పీటలు పెట్టుకో, కానీ రంగు పసుపు అయితేనే శుభం అన్నారు. సరే, ఇంట్లో పసుపు ఉండగా వేరే రంగు ఎందుకు అనుకున్నాను. పాలు విరగ్గొట్టి, తమలపాకుల కొట్టులో కొన్న సున్నం కలిపి, అందులో నాలుగు చెంచాల పసుపు పోశాను. ఆ క్షణంలోనే గిన్నె అంతా ఎర్రగా అయిపోయింది. రక్తంలా! నా కళ్లని నేనే నమ్మలేదు. ఆరితే పసుపు అవుతుందని పెళ్లికొడుకు పీటకి పూసేశాను. సరిగ్గా అప్పుడే గుణవతిగారు వచ్చారు. బాల్కనీలో నేను మోచేతులదాకా ఎర్రగా, ఎదురుగా ఎర్ర పీట. "అయ్యయ్యో, ఎన్నమ్మా ఇదు!" అని ఆవిడ గుమ్మంలోనే కూలబడ్డారు. కాళ్లు చేతులు కడిగించి, నాకు దిష్టి తీసి గానీ వెళ్లలేదు.

వారం తిరిగేసరికి అది ఒకచోట గోధుమరంగు, ఒకచోట పచ్చ, ఒకచోట ఏమీ లేదు. పైగా వాసన. కింది అంతస్తువాళ్లు కాపలా అతనికి ఫిర్యాదు చేశారు.

నిన్ను ఏమీ అడగడం లేదు అత్తా. ఊరికే చెబుతున్నాను. మళ్లీ మొదలుపెడతాను.

నీ యోగేశ్వరి

---

తెలుక్ ఇంటాన్,
మార్చి 3

యోగేశ్వరికి,

నీకు బుద్ధుందా? సున్నంలో పసుపు కలిపితే ఎర్రగా కాక ఏమవుతుంది? అది పారాణి! పెళ్లికూతురి కాళ్లకి పెట్టేది. దిష్టి నీళ్లు కూడా అదే. ఆవిడ నీకు దిష్టి తీయడానికి కలిపిందీ, నువ్వు పీటకి పూసిందీ ఒకటే. మీరిద్దరు ఆడవాళ్లూ ఆ గిన్నెలు రెండూ చూసుకుని కూడా మీలో ఒక్కరికీ తట్టలేదంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీ కాళ్లకి ఎవరూ ఎప్పుడూ పారాణి పెట్టలేదు, అందుకే నీకు తెలియదు. ఆ తప్పులో సగం నాది.

మరో సంగతి, మీగడ తీయని పాలు వాడావు కదూ? కంపు కొట్టిందంటేనే తెలిసింది. చెడగొట్టిన పని చూస్తూ ఊరుకోవడం నాకు చేతకాదు. వార్డులో కట్టు వంకరగా కడితే విప్పించి మళ్లీ కట్టించేదాన్ని. కాబట్టి రాస్తున్నాను, శ్రద్ధగా చదువు.

పాలు కాచి చల్లార్చి మీగడ మొత్తం తీసెయ్యి. కాస్త నూనె ముట్టినా రంగు గట్టిపడదు. మీగడ తీసిన పాలు గోరువెచ్చగా చేసి నిమ్మరసం పిండు. విరుగుతాయి. పల్చటి గుడ్డలో వడకట్టి, ముద్దని రెండుసార్లు నీళ్లతో కడుగు. పులుపు పోవాలి. నానబెట్టి తేరిన సున్నం ముద్దలో కొద్దికొద్దిగా కలిపి నలుపు. ఉన్నట్టుండి ముద్ద కరిగి జావలా జారుతుంది. అదే నీకు రంగు పట్టే జిగురు. చేసిన రోజే వాడాలి, మర్నాటికి ఉంచితే పారబొయ్యడమే. పల్చగా పూయి. ఆరాక ఇంకోటి పూయి. ఒక్కసారే దట్టంగా పూస్తే పగులుతుంది.

రంగుకి పసుపు కాదు, ఎర్రమట్టి. మా నాన్న ఎస్టేటు రోడ్డు మట్టి తెచ్చేవాడు. అన్నిచోట్లదీ కాదు. లారీలు తిరిగే చోట నూనె పడి ఉంటుంది. రబ్బరు పలకలు పొగబెట్టి ఎండబెట్టే పొగగూడు దగ్గర రోడ్డు మలుపులో గట్టు ఉండేది, దాని పక్క మట్టి. ఎండబెట్టి, దంచి, చీర గుడ్డలో జల్లించాలి. ఒక కొస ఆయన పట్టుకుంటే ఇంకో కొస నేను పట్టుకునేదాన్ని. సున్నంలో ఆ ఎరుపు ఎన్నేళ్లయినా మారదు.

ఇదంతా రాశాను కదా అని నేను వస్తాననుకోకు. రంగు వేరు, రావడం వేరు.

దేవుడమ్మ

---

సైబర్‌జయ,
ఏప్రిల్ 7

అత్తకి,

గుర్తులేదన్న దానికి ఎంత బాగా గుర్తుంది! నీ ఉత్తరం బాల్కనీ గోడకి అంటించాను. నువ్వు చెప్పినట్టే ముద్ద నలుపుతుంటే నిజంగానే ఉన్నట్టుండి కరిగింది. నేను కేక పెట్టాను. అప్పుడొక సంగతి జరిగింది. ఆ పుల్లటి పాల వాసన ముక్కుకి తగలగానే తాత గుర్తొచ్చాడు. తాత పోయేటప్పటికి నాకు నాలుగేళ్లు. మొహం కూడా సరిగ్గా గుర్తులేదు. ఈ వాసన మాత్రం గుర్తుంది, పెరట్లో గొంతుకూర్చున్న ఒక వీపు గుర్తుంది.

పోయిన ఆదివారం శ్రీకుమార్, నేను మట్టికోసం బటాంగ్ బెర్జుంటై వెళ్లాం. పొగగూడు లేదు. రబ్బరు చెట్లూ లేవు, అంతా పామాయిల్ తోటే. రాసమ్మ పెద్దమ్మ కర్ర పట్టుకుని కారెక్కి ఆ మలుపు ఎక్కడుందో చూపించింది. గట్టు ఇంకా ఉంది. మేము పాలల్లో కలుపుకునే మైలో పొడి ఖాళీ డబ్బాలోకి చెంచాతో మట్టి తవ్వుతుంటే తోట కాపలా అతను మోటారు సైకిల్ ఆపి అనుమానంగా చూశాడు. శ్రీకుమార్ మలయ్‌లో, "పెళ్లికి" అన్నాడు. అతను ఇంకేం అడగకుండా వెళ్లిపోయాడు.

తిరిగొచ్చాక రాసమ్మ పెద్దమ్మ కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది. నీ పెళ్లి సంగతి అడిగాను. మగపెళ్లివాళ్లు ఎందుకు లేచిపోయారు అని. ఆవిడ కప్పు కింద పెట్టేసింది.

"మగోల్లు లేవడమేటే? ఎవులు సెప్పినారు నీకు? మీ అత్తే లేసిపోయినాది! జీలకర్ర బెల్లం ఇంకా పెట్టనేదు. పీట మీంచి లేసి, బాసికం ఇప్పి పల్లెంలో ఎట్టి, నడుసుకుంటా ఎల్లిపోయినాది. నాను కల్లారా సూసినాను."

అత్తా, నువ్వు నాతో అబద్ధం ఎందుకు చెప్పావు? కోపంగా అడగడం లేదు. అది విని నేను సిగ్గుపడలేదు. ఇరవై ఏళ్ల పిల్ల అంతమందిలో లేచి నిలబడిందంటే ఏదో జరిగి ఉంటుంది. అది నీ నోట వినాలి. నా పెళ్లికి రాకపోవడానికి కారణం మోకాళ్లు కాదని ఇప్పుడు తెలిసింది. అసలు కారణమేదో చెప్పు, అప్పుడు దానితో పోట్లాడతాను.

నీ యోగేశ్వరి

---

తెలుక్ ఇంటాన్,
ఏప్రిల్ 25

యోగేశ్వరికి,

రాసమ్మకి ఎనభై రెండేళ్లొచ్చినా నోరు ఆగలేదన్నమాట. సరే.

నాకు ఇక్కడ ఆస్పత్రిలో నర్సు శిక్షణకి ఉత్తరం వచ్చింది. మన ఎస్టేట్లో ఆడపిల్లకి అలాంటి ఉత్తరం రావడం అదే మొదలు. పెళ్లికి ఒప్పుకున్నప్పుడు నేను అడిగింది ఒక్కటే, పెళ్లయ్యాక శిక్షణకి పంపాలని. సరేనన్నారు. ఉత్తరం భద్రంగా ఉంచుతామని పెళ్లికొడుకు తండ్రి తీసుకున్నాడు. ఆయన కూలీల మీద కంగాణి, మా నాన్నకి పైవాడు. పీట మీద కూర్చున్నాక, పంతులుగారు ఏదో వెతుక్కుంటుంటే, ఆయన అందరికీ వినపడేలా అన్నాడు. "కోడలి కాయితం పొద్దున్నే పొయ్యిలో ఎట్టీసినాను. ఇంక మా ఇంట్లోనే నర్సు పని" అని. పందిరంతా నవ్వింది. నేను పక్క పీట వైపు చూశాను. అతను కూడా నవ్వుతున్నాడు. మా నాన్న వైపు చూశాను. ఆయన తల దించుకున్నాడు. అప్పుడు లేచాను.

మా నాన్న గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడి, "ఈ పీట మీంచి లేసినోల్లకి నా గుమ్మంలో సోటు నేదు" అన్నాడు. మర్నాడు బస్సెక్కాను. ఇక్కడికి వచ్చి, ఉత్తరం లేదు, కాలిపోయింది, నా పేరు మీ పుస్తకంలో ఉంటుంది చూడండి అన్నాను. ఉంది. చేరాను.

మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. మీ నాన్న అప్పలసామి నా తమ్ముడు కాబట్టి నెలకోసారి వచ్చేవాడు. ఆ ఇంటి మాట ఎత్తితే టీ కూడా పోయనని చెప్పాను. పాపం, ఎత్తేవాడు కాదు. నాన్న పోయినప్పుడు వెళ్లాను. రోడ్డు అవతల నిలబడి చూశాను. తమ్ముడు రమ్మని ఏడ్చాడు. ఆయన చోటు లేదన్న ఇంట్లోకి, ఆయన కాదనలేని రోజున దొంగలా దూరడం నాకు ఇష్టం లేకపోయింది. పాదాలు మాత్రమే కనిపించాయి.

లేచినందుకు నేను ఒక్కరోజు కూడా బాధపడలేదు. మళ్లీ అదే పందిరి వేస్తే మళ్లీ లేస్తాను. మగపెళ్లివాళ్లే వెళ్లిపోయారని నీకు రాయడానికి కారణం వేరు. పెళ్లి కాబోయే పిల్లకి అది చెప్పడం ఎందుకని. ఆ పీట మీద మా నాన్న చివరి మాట ఉంది. నా చేత్తో నిన్ను తెచ్చి దాని మీద కూర్చోబెట్టలేను. ఇది మొండితనమే అనుకో. డెబ్బై ఒక్కేళ్లకి కొత్త గుణాలు రావు.

మట్టిని రెండుసార్లు జల్లించు.

దేవుడమ్మ

---

సైబర్‌జయ,
మే 18

అత్తకి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. కళ్లద్దాలు తుడుచుకో.

పెళ్లికొడుకు పీట అయిపోయింది. నా పసుపు పూతంతా అరగదీసి, అంచు దగ్గర చెక్కదాకా వెళ్లాను. అక్కడ తాత రంగు రెండే పూతలు కనిపించాయి. వాటి మీద నీ లెక్క ప్రకారం పాలు, సున్నం, మలుపు దగ్గరి మట్టి. మూడు పల్చటి పూతలు వేశాను. ఆరాక గుడ్డతో రుద్దితే చేతికి ఏమీ అంటలేదు. షణ్ముగంగారు వచ్చి చూసి, తన తరగతిలో అది నేర్పమని నన్ను అడిగారు!

తర్వాత పెళ్లికూతురి పీట తీశాను. అది కూడా అలాగే ఉంటుందనుకుని ఒక మూల అంచుని ఉప్పు కాగితంతో వాలుగా అరగదీశాను. రెండు పూతల తర్వాత చెక్క రావాలి కదా. రాలేదు. ఎరుపు కింద ఇంకో ఎరుపు, దాని కింద కొంచెం పసుపు తిరిగిన ఎరుపు, దాని కింద నల్లటి ఎరుపు. ఏ ఏటి మట్టి ఆ ఏటి రంగు. అరగదీసిన చోట చారలు చారలుగా కనిపిస్తున్నాయి. భూతద్దం పెట్టి లెక్కపెట్టాను. నమ్మకం కుదరక ఇంకో రెండు మూలల్లో కూడా చూశాను. శ్రీకుమార్‌ని పిలిచి అతని చేత కూడా లెక్కపెట్టించాను. పంతొమ్మిది. అడుగున ఉన్న రెండూ పెళ్లికొడుకు పీట మీద ఉన్నవే. వాటి పైన పదిహేడు.

ఆ మర్నాడే రాసమ్మ పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. నీ పెళ్లి తర్వాత ఆ పీటలు ఎవరూ అడగలేదన్నావు, మరి ఈ రంగు ఎందుకు, ఎవరు వేశారు అన్నాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మీ తాతే. ఏటా ఉగాది నాడు పాలు తెచ్చీవోడు. పెరట్లో కూకుని ఆ ఒక్క పీటకే రంగేసీవోడు. 'ఏటి మావా, ఒక్కదానికే ఏస్తన్నావు, రెండోది ఏటి పాపం సేసినాది' అని నానే అడిగినాను. 'ఇది మా గుంట పీట. మాసిపోకూడదు' అన్నాడు. మీ అత్తకి సెప్పమంటావా అంటే మాత్తరం కల్లెర్ర సేసినాడు. మీ నానకి కూడా ఒట్టెట్టించినాడు. ముసిలోడు పోయినాక మీ నానే పైన పచ్చరంగు కొట్టినాడు, ఎర్రది గీరుకుపోకుండా."

నువ్వు వెళ్లాక వచ్చిన ఉగాది నుంచి తాత పోయిన ఏటి ఉగాదిదాకా లెక్కవేశాను. పదిహేడు.

నాకు గుర్తున్న ఆ వీపు, ఆ వాసన, అది చివరి పూత అయి ఉండాలి. నేను అక్కడే ఉన్నాను అత్తా. నాకు తెలియకుండా చూశాను.

ఆ పీట మీద ఉన్నది తాత చివరి మాట అన్నావు. దాని మీద ఆ మాట తర్వాత పదిహేడేళ్లు ఉన్నాయి. ఒక పొర కూడా తీయను. మూలలు మాత్రమే అరిగాయి, అవీ అలాగే ఉంచుతాను. గుణవతిగారికి ఇదంతా చెప్పాను. ఆవిడ పీట మూలన ఉన్న చారలు వేలితో తడిమి చూసి, సింహాసనాలు వద్దని హాలువాళ్లకి తనే ఫోన్ చేశారు.

నిన్ను రమ్మని ఇది నాలుగోసారి అడగడం. నువ్వు రాకపోతే నేనే నడిచి వెళ్లి కూర్చుంటాను. ఇంకెవరి చెయ్యీ పట్టుకోను.

నీ యోగేశ్వరి

---

తెలుక్ ఇంటాన్,
మే 24

యోగేశ్వరికి,

నీ ఉత్తరం బుధవారం వచ్చింది. మూడు రోజులుగా చదువుతున్నాను.

ఏడ్చాను. డెబ్బై ఒక్కేళ్ల ముసలిది ఏడిస్తే చూడ్డానికి బాగోదు కాబట్టి తలుపు వేసుకుని ఏడ్చాను. వళ్ళియమ్మై కంగారుపడి తలుపు బాదిందట. నాకు వినపడదు కదా. చివరికి కిటికీలోంచి చెయ్యి ఊపింది.

కోపం కూడా వచ్చింది. పీటకి చెప్పిన మాట నాకు చెప్పొచ్చు కదా? ప్రతి ఉగాదికీ నేను అడిగి మరీ డ్యూటీ వేయించుకునేదాన్ని, ఇంట్లో ఖాళీగా కూర్చుంటే ఎస్టేటు గుర్తొస్తుందని. అదే రోజు ఆయన అక్కడ గొంతుకూర్చుని నా పీటకి రంగు వేస్తున్నాడు. బస్సు మారితే మూడు గంటల దారి. ఇద్దరిలో ఒక్కరు ఎక్కితే సరిపోయేది. ఆయన ఎక్కలేదు, నేనూ ఎక్కలేదు. ఆయన తల దించుకున్నాడని రాశాను కదా. ఇన్నేళ్లూ అది నామీద సిగ్గు అనుకున్నాను. ఇప్పుడు అది తన మీద తనకే సిగ్గేమో అనిపిస్తోంది.

ఇక జరగాల్సినవి రాస్తున్నాను. దేనికీ అడ్డు చెప్పకు.

జూన్ ఆరు, శుక్రవారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. టిక్కెట్టు తీసుకున్నాను. కారు పంపొద్దు. బస్సెక్కడం నాకు అవసరం. శ్రీకుమార్‌ని బస్టాండుకి పంపు. నాతో మాట్లాడాల్సింది కాగితం మీద రాసి చూపించమను, తెలుగులో. రాయడం రాకపోతే రెండు వారాలు టైముంది, నువ్వు నేర్పు.

గుణవతిగారికి నమస్కారం చెప్పు. నీ కాళ్లకి పారాణి మేమిద్దరం కలిసి పెడతాం. పసుపు ఆవిడని తెమ్మను.

ఆదివారం నిన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేది నేనే. కూర్చోబెట్టాక నీ వెనకే నిలబడతాను. నీకు లేవాలనిపిస్తే లే. నేను ఉన్నాను.

పెళ్లికూతురి పీటని నేను వచ్చేదాకా ముట్టుకోకు. మూలలు కూడా అలాగే ఉంచు. మైలో డబ్బాలో మట్టి మిగిలే ఉంటుంది, పారెయ్యకు. పద్దెనిమిదో పూత నేను వేస్తాను. శనివారానికి ఆరుతుంది.

పాలు శుక్రవారం పొద్దున్నే విరగ్గొట్టి ఉంచు. మీగడ తీయడం మరిచిపోకు.

నీ అత్త
దేవుడమ్మ